దాపటి పక్క

ఆ ఏడు మా ఊరికి జీపు రాకపోయి ఉంటే, నేను మంచివాణ్ణే అనుకుంటూ బతికేసేవాణ్ణి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, దసరా వెళ్ళిన వారానికి వచ్చింది అది. వెనకాల ఒక ఇంటిని తగిలించుకుని వచ్చింది. ఇల్లంటే నిజంగా ఇల్లే. రేకు గోడలు, రెండు కిటికీలు, వాటికి తెల్లగుడ్డ తెరలు, ఎక్కడానికి మూడు మెట్లు, కింద నాలుగు చక్రాలు. మిషన్ వాళ్ళ కంటి ఆస్పత్రి అది. ఊళ్ళో అందరూ ఇల్లుబండి అన్నారు. డాక్టరమ్మ ప్రేమకుమారి గారు అందులోనే కళ్ళకు కోతలు పెట్టేది. కోత పెట్టించుకున్నవాళ్ళు పది రోజులు అందులోనే పడుకోవాలి. దాన్ని నిలపడానికి చదునైన చోటు కావాలని అడిగితే, మా కళ్ళం చూపించింది నేనే.

మా ఊరు గురజాలకూ మాచర్లకూ నడుమ ఉంటుంది. వాన పడితే మా రేగడి సంగతి ఎరిగినవాళ్ళకే ఎరుక. చెప్పు దిగితే చెప్పు ఉండిపోతుంది, కాలు దిగితే కాలు. అట్లాంటి నేలలో నాకొక పేరుండేది. వాగు దగ్గర బొగ్గుతో నడిచే బస్సు దిగబడినా, మిరపకాయల బండి దిగబడినా "పిచ్చియ్య ఇల్లెక్కడ?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు. నేను వెంటనే కదిలేవాణ్ణి కాదు. తలగుడ్డ చుట్టుకుని, చుట్ట ముట్టించుకుని, అప్పుడు ఎద్దుల్ని విప్పేవాణ్ణి. నా ఒంగోలు జత మోకాళ్ళ మీద వంగి లాగుతుంటే బస్సులో జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు ఎద్దులకో నాకో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

జీపు తోలే మక్బూల్‌ది మాచర్ల. రైలు స్టేషను దగ్గర వాళ్ళ నాయనకు గాజుల కొట్టు. పట్టాళంలో చేరి బర్మా దాకా పోయి, డ్రైవరు పని నేర్చుకుని వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. నన్ను అన్నా అనేవాడు, నా పెళ్ళాం చెన్నమ్మను వదినా అనేవాడు, మా నాయనను బాబాయ్ అనేవాడు. రెండు రోజుల్లో మా ఇంటి మనిషైపోయాడు. నాకు మొదటినుంచీ ఆ నవ్వు మొహం నచ్చలేదు. ఎందుకని అడిగితే అప్పుడు కారణం చెప్పలేకపోయేవాణ్ణి. మూడో రోజుకు కారణం దొరికింది.

ఆ రోజు చొప్ప వేసుకుని వస్తున్నాను. బండి మీద చొప్ప పైన మా నాయన పెదకోటయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన రెండు కళ్ళకూ పొరలు కమ్మి మూడేళ్ళయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా పొలం వస్తానంటాడు. వాగులో అంతకుముందు నెల కురిసిన వానకు చేరిన ఒండ్రు ఇంకా ఆరలేదు. పైన ఆరిన పెచ్చు చూసి మోసపోయి బండిని దించాను. కుడి పక్కనుండే ఎలపటి చక్రం ఇరుసు దాకా పోయింది.

ముల్లుగర్రతో పొడిచాను, తోకలు మెలిపెట్టాను, చక్రానికి భుజం ఆనించాను. కదల్లేదు. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ లాగినవాడి బండి వాగులో కూర్చుంది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది.

"అన్నా, ఎద్దులు విప్పు. గొలుసేస్తా," అన్నాడు మక్బూల్.

"అక్కర్లా. కాసేపాగితే అయ్యే లాగుతయ్యి."

"బాబాయ్ ఎండలో ఉన్నాడన్నా."

గొలుసు వేశాడు. పక్కనున్న చిన్న పిడి ఒకదాన్ని లాగాడు. మామూలు మోటారు బండ్లకు వెనక చక్రాలే తోస్తాయట, దీనికి ఆ పిడి లాగితే ముందు చక్రాలు కూడా పని చేస్తాయట. ఇంజను కొంచెం మూలిగింది. బండి ఒండ్రులోంచి లేచి, చొప్ప ఒక్క పరక రాలకుండా గట్టుకు చేరింది.

"ఎవర్రా ఇంత మెత్తగా లాగింది?" అన్నాడు మా నాయన పైనుంచి.

"జీపు, బాబాయ్."

ఆయన దిగి, తడుముకుంటూ పోయి, దాని ముక్కు మీద చేయి వేశాడు. వేడిగా ఉందని నవ్వాడు. నా ఎద్దుల వెన్ను నిమిరినట్టే దాన్నీ నిమిరాడు.

"ఇట్టాంటి లాగుడు నా జన్మలో చూళ్ళేదురా. కడుపులో నీళ్ళు కదల్లేదు. బాగా తోలావు నాయనా."

నాయనా! ముప్పై రెండేళ్ళు ఆయన కొడుకుగా ఉన్నాను. పదహారో ఏట మేడి పట్టాను. నన్ను ఒక్కరోజు బాగా చేశావన్నది లేదు. ఎద్దుల్ని నిమిరినప్పుడల్లా అది నన్ను మెచ్చుకోవడమేనని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ నిమురుడు ఇప్పుడు ఆ ఇనప ముక్కుకు పోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ మర్నాటినుంచీ ఆయన పొద్దున్నే కర్ర పట్టుకుని కళ్ళానికి పోయేవాడు. మక్బూల్ ఆయన్ను జీపులో కూర్చోబెట్టుకుని డొంకలో అటూ ఇటూ తిప్పేవాడు. ఇంటికొచ్చాక అదే కబురు. బర్మాలో జలగలట, కొండ మీద పాము లాగా రోడ్లట.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

"కన్ను చేయించుకో బాబాయ్. చూపొస్తే నీకు జీపు తోలడం నేర్పిస్తా," అంటున్నాడు మక్బూల్.

"నేనా? నేనేం తోలతాన్రా!"

"ఎద్దుల్ని తోలినోడివి. ఇది కుమ్మదు, తన్నదు. దీన్ని తోలలేవా?"

మా నాయన పళ్ళు లేని నోటితో పెద్దగా నవ్వాడు. "సరే పో. ఆ డాక్టరమ్మతో చెప్పు," అన్నాడు.

గుంటూరు తీసుకుపోతాను, కన్ను చేయించుకోమని నేను రెండేళ్ళు బతిమాలాను. కాళ్ళు కూడా పట్టుకున్నాను. చచ్చేవాడికి చూపెందుకురా అని కసురుకున్నాడు. గాజులమ్మేవాడి కొడుకు ఒక్క మాటంటే ఆ మనిషే ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి ఎద్దులకు కుడితి పెడుతుంటే చెన్నమ్మ నా వైపే చూస్తూ నిలబడింది.

"ఏంది మావా, మొగం అట్టా పెట్టావు? మామకు చూపొస్తందంటే సంతోషం గాదా?"

"ఎవరు కాదన్నారు?"

"నీ మొగమే అంటంది. ఆ పిల్లోణ్ణి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటన్నావు. ఊరంతా నవ్వుద్ది, చెప్తన్నా."

నోరు మూసుకోమన్నాను. అది మూసుకోలేదు. మజ్జిగ ముంత తీసుకుని మక్బూల్‌కు ఇవ్వడానికి కళ్ళానికి పోయింది. నేను కుడితి తొట్టిని కాలితో తన్ని, బొటనవేలు పగలగొట్టుకున్నాను.

ముందు కుడి కన్ను చేశారు. రెండు కళ్ళకూ కట్టు కట్టారు. తలకు చెరో పక్కా ఇసక సంచి పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టారు. ఎదురు మంచం మీద పక్క ఊరి ముసలామె సారమ్మ. ఆమెకూ అదే రోజు చేశారు.

"పది రోజులు తల కదలకూడదు. దగ్గు కూడా ఆపుకోవాలి. లోపల గాయం పచ్చిగా ఉంటుంది. ఒక్క కుదుపు చాలు, కన్ను పోతుంది," అని డాక్టరమ్మ నాకూ చెన్నమ్మకూ ఎదురుగా నిలబెట్టి చెప్పింది. నేను తల ఊపాను. రోజూ ఇల్లుబండి మెట్ల మీదే పడుకున్నాను. పగలు మక్బూల్ వచ్చి కబుర్లు చెప్పేవాడు. నేనున్నప్పుడు నాయన కిక్కురుమనేవాడు కాదు. వాడి అడుగుల చప్పుడు వినబడితే చాలు, "వచ్చావా నాయనా," అనేవాడు.

ఆరో రోజు తెల్లారేసరికి తుఫాను పట్టింది. వానలు పోయాయనుకుని పెట్టిన ఆస్పత్రి అది. మధ్యాహ్నానికి కళ్ళమంతా బురదైంది. ఇల్లుబండి చక్రాలు సగం దాకా దిగాయి. వాగు గట్టు దాటి చేలోకి వస్తోందని కబురొచ్చింది. సాయంత్రంలోగా బండిని డొంక దాటించి, బడి దగ్గర గట్టినేలకు చేర్చాలి. మంచాలతో మోసుకుపోదామని ఒకరిద్దరన్నారు గానీ, మోసేవాళ్ళకే కాళ్ళు నిలవడం లేదు. ఒకడు జారితే మంచం మీద మనిషి నేలపాలు.

నేను అప్పటికే ఎద్దుల్ని తోలుకొచ్చాను. నిజం చెప్పొద్దూ, వాన చూసి నాకు లోపల ఉత్సాహంగానే ఉంది. తలగుడ్డ కొత్తది చుట్టుకున్నాను.

"ఎద్దులొద్దు పిచ్చియ్యా," అంది డాక్టరమ్మ. "అవి ఒక్కసారిగా గుంజుతాయి. జీపైతే అంగుళం అంగుళం కదుపుతాడు."

"నా ఎద్దులు గుంజవమ్మా. నేను చెప్పినట్టు వింటయ్యి."

"వద్దయ్యా. నువ్వు ముందు నడిచి దారి చెప్పు. ఈ నేల నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఎద్దుల్ని చెట్టుకు కట్టేశాను. అవి వానలో తడుస్తూ నన్నే చూస్తున్నాయి.

చక్రాల ముందు తవ్వి కందికంప పరిచాం. డాక్టరమ్మ లోపల సారమ్మ తల పట్టుకుని కూర్చుంది, చెన్నమ్మ మా నాయన తల పట్టుకుంది. నేను ముందుకు నడవబోతుంటే లోపలినుంచి నాయన పిలిచాడు.

"పిచ్చియ్యా."

"ఆఁ."

"పాతర కాడ జాగ్రత్త."

దాని సంగతి మా ఇంట్లో వాళ్ళకే తెలుసు. యుద్ధం రోజుల్లో కంట్రోలు అధికారులు ఇల్లిల్లూ వెతికి ధాన్యం కొలుచుకుపోతుంటే, కళ్ళం చివర నిలువెత్తు గొయ్యి తవ్వి, జొన్నలు పోసి కప్పెట్టాం. తర్వాత జొన్నలు తీసుకుని, గోతిలో పొట్టూ వదులు మట్టీ నింపి వదిలేశాం. పైకి ఏమీ కనిపించదు. బయటివాళ్ళకు చెప్పే అలవాటు మాకు లేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. ముందు నడిచేది నేనే గదా అనుకున్నాను.

మక్బూల్ చిన్న పిడి లాగాడు. "ముందు చక్రాలు గూడా కలిపా అన్నా. ఇంక నువ్వెటంటే అటు."

జీపు కదిలింది. నాలుగు చక్రాలూ బురదను నములుతూ తిరిగాయి. ఇల్లుబండి ఒక్కసారి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, గాడిలోంచి పైకి వచ్చింది. కిటికీ తెర కూడా ఊగలేదు. నా ఎద్దులైతే అప్పటికి రెండుసార్లు మోకాళ్ళ మీద పడేవి. ఆ సంగతి నాకు కళ్ళెదుట కనిపిస్తోంది, అదే నాకు మింగుడు పడలేదు.

కళ్ళం చివర తుమ్మమోడు దగ్గర ఎడమకు తిరగాలి. కుడి పక్కన పాతర.

"దాపటికి!" అని కేక వేశాను.

కాడికి ఎడమ పక్క కట్టేది దాపటి ఎద్దు, కుడి పక్క కట్టేది ఎలపటి ఎద్దు. సేద్యం చేసే ఇళ్ళల్లో పిల్లలకు కుడీ ఎడమా కంటే ముందు వచ్చే మాటలివి. గాజుల కొట్లో పెరిగి పట్టాళంలో తోలడం నేర్చినవాడికి రావు. కేక వేసినప్పుడు ఆ సంగతి నాకు తోచలేదు. ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను, కేక వేసినప్పుడు తోచలేదు.

మక్బూల్ వానలో కళ్ళు చిట్లించి నా వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చక్రం కుడికి తిప్పాడు.

అప్పుడు తోచింది.

పాతర ఇంకా మూడు బారల దూరంలో ఉంది. వాడు అంగుళం అంగుళమే వస్తున్నాడు. ఎడమకి అనడానికి ఎంతసేపు కావాలి? నోరు తెరిచాను కూడా. ఎవర్రా ఇంత మెత్తగా లాగింది అన్న నాయన గొంతు చెవిలో పడినట్టయింది. ఒక్కసారి దిగబడనీ, అనుకున్నాను. ఒక్కసారి దిగబడితే ఇదే డాక్టరమ్మ చెట్టు దగ్గరకొచ్చి ఎద్దుల్ని విప్పమంటుంది. లోపల ఉన్నది ఎవరో నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను. వాన నోట్లోకి కొడుతుంటే నోరు మూసుకున్నాను.

జీపు తేలిక, పాతర అంచు మీదుగా దాటేసింది. ఇల్లుబండి ఎలపటి ముందు చక్రం దబ్బున దిగింది. బండి కుడి పక్కకు ఒరిగింది. లోపల ఏదో గాజుసామాను పగిలింది. చెన్నమ్మ కెవ్వుమంది. ఇసక సంచి ఒకటి తలుపులోంచి మెట్ల మీదకు పడింది.

అప్పుడు అరిచాను. అందరికంటే పెద్దగా అరిచాను.

నా ఎద్దుల అవసరం రానేలేదు. మక్బూల్ దిగి చూసి, కంప తెచ్చి కూరి, మళ్ళీ ఎక్కి, గోరంత గోరంత లాగి, పావుగంటలో బండిని పైకి తెచ్చేశాడు. బడి దగ్గరకు చేరేదాకా వాడి మొహంలో నెత్తురు లేదు.

బండి నిలిపాక వాడు నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దాపటంటే ఎటో నాకు తెలవదన్నా. ఆపి అడగాల్సింది. అడిగితే నవ్వుతావని అడగలా. తప్పు నాదే."

"పోనీలేరా," అన్నాను. "తెలియక చేశావు. మనసులో పెట్టుకోబాకు."

వాడు నా చేతులు కళ్ళకద్దుకుని ఏడ్చాడు. నేను వాణ్ణి క్షమించాను. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత కట్లు విప్పారు. ముందు సారమ్మకు. ఆమె తలుపు వైపు చూసి, మనవరాలి రవిక రంగు చెప్పి, ప్రభువును తలుచుకుని ఏడ్చింది. తర్వాత మా నాయనకు. డాక్టరమ్మ ఆయన ముందు చేయి చాపింది.

"ఎన్ని వేళ్ళు, తాతా?"

"చెయ్యి ఎక్కడ పెట్టావమ్మా?"

ఆవిడ దీపం తెప్పించింది. వంగి చాలాసేపు చూసింది. లోపల నెత్తురు చేరిందని, ఆ కన్ను ఇక రాదని మెల్లగా చెప్పింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ మక్బూల్ వైపు తిరిగింది.

"నీకు అంత చెప్పాను. రేపటినుంచి నువ్వు రావద్దు. మిషన్‌కు నేను ఉత్తరం రాస్తాను."

మక్బూల్ జీపు తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా," అన్నాడు మా నాయన. "ఆ పిల్లోణ్ణి ఏమనబాకు. కన్ను వాడి వల్ల పోలా. వానకు ముందు రోజు రాత్రి నాకు దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేక లేచి కూర్చున్నా. అప్పుడే లోపల చురుక్కుమంది. నువ్వు తిడతావని చెప్పలా."

డాక్టరమ్మ ఆయన్ను చెడామడా తిట్టింది. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. తిట్టడం అయ్యాక ఆవిడ తాళం చెవి తీసి మక్బూల్ చేతిలో పెట్టి, రెండో కన్ను వచ్చే ఏడు చూద్దామని చెప్పి వెళ్ళిపోయింది.

వానకు ముందు రోజు రాత్రి ఆ మెట్ల మీద పడుకున్నది నేనే. ఆయనకు దగ్గు రాలేదు. ఆయన లేవలేదు.

ఇంటికి తీసుకొచ్చాం. మధ్యాహ్నం చెన్నమ్మ జొన్నన్నం, గోంగూర పచ్చడి కలిపి గిన్నె నా చేతికిచ్చి చేలోకి వెళ్ళింది. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగు ముద్దలు పెట్టాను. ఐదోది కలుపుతుంటే ఆయన మాట్లాడాడు.

"దాపటికి అని కేకేశావు. విన్నా."

"ఆఁ."

"బండి ఎలపటికి తిరిగింది. అదీ తెలిసింది. నువ్వు మళ్ళీ కేకేస్తావని చెవులొగ్గి చూస్తన్నా."

బయట ఎద్దులు మెడలు ఊపుతున్నాయి, గంటల చప్పుడు వినిపిస్తోంది.

"ఎద్దు మాట వినకపోతే, అది తిరిగిందాకా పిలుస్తానే ఉంటావు. నేను నేర్పిందే గదా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "మడిసిని ఒక్కసారే పిలిచావేందిరా?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన జవాబు కోసం ఆగలేదు. ముద్ద కోసం నోరు తెరిచాడు.